108 నోటీసులు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన గడ్డ మీదున్న జపాన్ సంతతి వాళ్ళను దాదాపు 1,20,000 మందిని ముళ్ళకంచెల వెనక పెట్టింది. ఈ సంగతి ఎక్కడ చర్చకొచ్చినా ఒక సమాధానం తయారుగా ఉంటుంది: "పెర్ల్ హార్బర్ దెబ్బకి జనం బెంబేలెత్తిపోయారు, ఆ భయంలో తప్పు జరిగింది, తర్వాత సారీ చెప్పారుగా." వినడానికి ఉదారంగానే ఉంటుంది కానీ తారీఖులు పక్కన పెట్టుకుని చూస్తే నిలబడదు. భయంలో చేసే పని వెంటనే జరుగుతుంది, అడ్డదిడ్డంగా జరుగుతుంది. ఇది నెలల తరబడి, వరస నంబర్లు వేసుకుని, ఫారాలు అచ్చేసుకుని, పూట పూటకీ లెక్క చూసుకుంటూ జరిగింది. దీన్ని ఆవేశం ఖాతాలో రాసేస్తే, ఆఫీసుల్లో కూర్చుని నింపాదిగా నడిపించినవాళ్ళు తప్పించుకుపోతారు.

ముందు క్యాలెండర్ చూద్దాం.

హవాయి దీవుల్లోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది 1941 డిసెంబర్ 7న. ఆ రాత్రే ఎఫ్‌బీఐ అంతకుముందే రాసిపెట్టుకున్న జాబితాలు తీసి అరెస్టులు మొదలుపెట్టింది. బౌద్ధ పూజారులు, జపాన్ భాష నేర్పే పంతుళ్ళు, సంఘాల పెద్దలు, పత్రికల సంపాదకులు. వీళ్ళు జపాన్ పౌరులు. శత్రుదేశపు పౌరులను పట్టి ఉంచడానికి 1798 నాటి చట్టం ఒకటుంది, దాని ప్రకారం పట్టుకున్నారు. ఒక్కొక్కరినీ విచారణ బోర్డు ముందు కూర్చోబెట్టారు. తరఫున వాదించడానికి లాయరును రానివ్వలేదు, అయినా బోర్డంటూ ఒకటుంది. ఆ తర్వాత వచ్చిన రెండో ఏర్పాటులో లోపలికి వెళ్ళినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. వాళ్ళకు ఆ పాటి బోర్డు కూడా లేదు.

ఆ రెండో ఏర్పాటుకు మూలమైన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 9066 మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టింది 1942 ఫిబ్రవరి 19న. దాడి జరిగి 74 రోజులు. ఆ ఉత్తర్వు చదివితే ఎక్కడా జపాన్ అనే పేరు కనపడదు. సైనిక ప్రాంతాలు ప్రకటించవచ్చు, వాటిలోంచి ఎవరినైనా బయటికి పంపించవచ్చు అని అధికారం ఇచ్చి ఊరుకుంది. ఎవరిని పంపాలో పశ్చిమ తీరపు కమాండర్ జనరల్ జాన్ డివిట్‌కు వదిలేసింది. ఆయన అప్పటికి ఐదు రోజుల ముందే పై అధికారులకు రాసిన సిఫారసులో ఒక వింత వాదన ఉంది: ఇంతవరకూ జపనీయులు ఎక్కడా విద్రోహానికి పాల్పడలేదు కాబట్టి, ముందుముందు పాల్పడతారనడానికి అదే రుజువు. ఈ తర్కం ముందు నిర్దోషి అనేవాడు ఉండడు.

జూన్ మొదటి వారంలో మిడ్‌వే యుద్ధంలో జపాన్ నౌకాదళం నాలుగు విమానవాహక నౌకలు పోగొట్టుకుంది. పశ్చిమ తీరం మీదికి పెద్ద దాడి వస్తుందన్న భయానికి అక్కడితో ఆధారం పోయింది. అయినా కాలిఫోర్నియా తూర్పు భాగంలో ఉన్నవాళ్ళను ఖాళీ చేయించింది ఆ తర్వాత, జులై ఆగస్టుల్లో. ఆ ప్రాంతానికి వెళ్తే అభ్యంతరం లేదని ప్రభుత్వమే మార్చిలో చెప్పింది. నమ్మి తీరం వదిలి అక్కడికి మారినవాళ్ళు రెండోసారి మూటలు కట్టుకోవలసి వచ్చింది. తాత్కాలిక కేంద్రాల నుంచి శాశ్వత క్యాంపులకు తరలింపు శరదృతువు చివరిదాకా నడిచింది. ఈలోగా అక్టోబర్ 12న, కొలంబస్ డే రోజున, అమెరికాలో ఉంటున్న ఇటలీ పౌరుల మీదున్న ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఇటలీతో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక హవాయి. బాంబులు పడింది అక్కడే. జపాన్ సంతతి వాళ్ళు దాదాపు 1,58,000 మంది, దీవుల జనాభాలో మూడో వంతుకు పైగా. వాళ్ళలో నిర్బంధించింది 2,000 కన్నా తక్కువ మందిని. అక్కడ సైనిక పాలన ఉంది కాబట్టి అంత అవసరం రాలేదనేవాళ్ళున్నారు, అందులో కొంత నిజముంది. అసలు కారణం ఇంకా మామూలుది. వాళ్ళందరినీ తీసేస్తే రేవులూ తోటలూ నడిపేవాళ్ళు ఉండరు. అదే కాలిఫోర్నియాలో వాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు, పైగా వాళ్ళు పోతే లాభపడేవాళ్ళున్నారు. సాలినాస్ కూరగాయల రైతుల సంఘం ప్రతినిధి ఒకాయన ఆ ఏడాది మే నెలలో ఒక జాతీయ పత్రికకు దాపరికం లేకుండా చెప్పాడు: స్వార్థం కోసం జపనీయులను వెళ్ళగొట్టాలనుకుంటున్నామని మమ్మల్ని అంటున్నారు, అవును, అందుకే.

లక్ష మందికి పైగా జనాన్ని వీధి వీధినా గుర్తించి లేపాలంటే ముందు వాళ్ళు ఎక్కడున్నారో తెలియాలి. ఆ పని జనాభా లెక్కల శాఖ చేసిపెట్టింది. 1940 లెక్కల నుంచి ఏ వీధిలో ఎంతమంది జపాన్ సంతతి వాళ్ళున్నారో పట్టికలు తీసి సైన్యానికి ఇచ్చింది. చెప్పిన వివరాలు గోప్యంగా ఉంటాయని హామీ ఇచ్చి రాసుకున్న లెక్కలవి. మార్చిలో వచ్చిన యుద్ధాధికారాల చట్టం ఆ గోప్యతను సడలించింది. పేర్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదని ఆ శాఖ దశాబ్దాల పాటు చెప్పుకుంది. 2000లో తన పాత్రకు క్షమాపణ చెప్పింది కూడా. 2007లో ఇద్దరు పరిశోధకులు కాగితాలు బయటపెట్టాక, 1943లో వాషింగ్టన్ ప్రాంతంలోని జపాన్ సంతతి వాళ్ళ పేర్లూ చిరునామాలూ సీక్రెట్ సర్వీసుకు ఇచ్చినట్టు తేలింది. లెక్కలవాళ్ళు వచ్చి ఏదడిగినా "దీంతో మీకేం నష్టం" అనే వాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1942 మార్చి నెలలో వచ్చిన ఉత్తర్వులను వరసలో చదవాలి. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఏదో సమర్థన దొరుకుతుంది.

మార్చి 2న తీరప్రాంతాన్ని సైనిక ప్రాంతంగా ప్రకటించారు. స్వచ్ఛందంగా లోపలి రాష్ట్రాలకు వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళడానికి డబ్బు కావాలి, పెద్దవాళ్ళ బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది ప్రభుత్వమే. వెళ్తే ఉండనివ్వాలి, లోపలి రాష్ట్రాల గవర్నర్లలో కొలరాడోకు చెందిన రాల్ఫ్ కార్ తప్ప రమ్మన్నవాళ్ళు దాదాపు లేరు. వెళ్ళగలిగింది 5,000 లోపే. మార్చి 21న కాంగ్రెస్ చట్టం చేసింది: సైనిక ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా. మార్చి 24న కర్ఫ్యూ ఉత్తర్వు వచ్చింది, రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా. జర్మన్లకూ ఇటాలియన్లకూ అది విదేశీ పౌరులైతేనే వర్తిస్తుంది, జపాన్ సంతతికి మాత్రం అమెరికా పౌరులైనా వర్తిస్తుంది. మార్చి 27న ఇంకోటి: ఇకమీదట ఆ ప్రాంతం వదిలి వెళ్ళడం నిషేధం.

మార్చి మొదట్లో పొమ్మన్నవాళ్ళే చివర్లో కదలొద్దన్నారు. ఆ తర్వాత ఒక్కో పేటకూ విడిగా, ఫలానా తేదీ మధ్యాహ్నం తర్వాత ఇక్కడ ఉంటే నేరం అని ఉత్తర్వు. ఉంటే నేరం, పోతే నేరం. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నది ఇక్కడ అక్షరాలా చట్టం. రెండు నేరాల నుంచీ తప్పించుకునే దారి ఒక్కటే, సైన్యం చెప్పిన చోట హాజరై బస్సెక్కడం. తర్వాత చెప్పబోయే కొరెమాట్సు కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ రాబర్ట్స్ తన అసమ్మతి తీర్పులో పట్టుకున్నది సరిగ్గా ఈ ఉచ్చునే.

పేటల వారీ ఉత్తర్వులు మొత్తం 108. మొదటిది వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవికి. మార్చి 24న నోటీసు, 30న 227 మంది ఓడెక్కారు. చాలావరకు స్ట్రాబెర్రీ రైతులు. పంట కోతకొచ్చేది జూన్‌లో.

ఒక్కో ఉత్తర్వు ఇంచుమించు వెయ్యి మందికి సరిపోయేలా గీసుకున్నారు. ఎక్కించాల్సిన బస్సులూ రైళ్ళూ, అవతల ఖాళీ ఉన్న గదులూ చూసుకుని వేసిన లెక్క అది. కాలిఫోర్నియాలో మే 3న, ఆదివారం, జారీ చేసిన నోటీసులు చూడండి. సోమవారం గానీ మంగళవారం గానీ పొద్దున 8 నుంచి సాయంత్రం 5 లోపు కుటుంబ పెద్ద వచ్చి పేర్లు రాయించుకోవాలి. అక్కడ కుటుంబానికొక నంబరు ఇస్తారు. ఆ నంబరున్న చీటీలు పెట్టెలకూ కట్టాలి, మనుషుల కోట్లకూ కట్టాలి. 9వ తేదీ, శనివారం మధ్యాహ్నం 12కల్లా పేట ఖాళీ కావాలి. తెచ్చుకోవలసినవి: ఒక్కొక్కరికీ పక్కబట్టలు (పరుపు కుదరదు), సబ్బూ బ్రష్షూ లాంటివి, అదనపు బట్టలు, మనిషికో కత్తీ ఫోర్కూ చెంచా, పళ్ళెం, గిన్నె, కప్పు. పెంపుడు జంతువులు వద్దు. ఎన్ని మూటలైనా చేత్తో మోసుకెళ్ళగలిగినన్నే. ఫ్రిజ్జులు, బట్టలుతికే మిషన్లు, పియానోల వంటివి ప్రభుత్వం భద్రపరుస్తుంది, అయితే పోతే బాధ్యత యజమానిదే.

ఆరు రోజుల్లో ఇల్లు అద్దెకివ్వడం, దుకాణంలో సరుకు అమ్మడం, కారు వదిలించుకోవడం, కుక్కకి దిక్కు చూడటం. గడువు తెలిసిన కొనుగోలుదార్లు చివరి రోజుదాకా ఆగేవాళ్ళు. అనాథాశ్రమాల్లోని పిల్లలను కూడా వదల్లేదు. మాంజనార్ క్యాంపులో వాళ్ళ కోసం విడిగా ఒక ఆవరణ కట్టి మొత్తం 101 మందిని ఉంచారు. తల్లిదండ్రులే లేని పసిపిల్లల వల్ల సైనిక స్థావరాలకు ఏం ముప్పో ఆ నోటీసులు రాసినవాళ్ళే చెప్పాలి.

మొదట తీసుకెళ్ళింది గుర్రప్పందేల మైదానాలకూ తిరునాళ్ళ స్థలాలకూ. శాంటా అనీటా, టాన్‌ఫొరాన్‌లలో గుర్రాల కొట్టాలకే సున్నం కొట్టి కుటుంబాలను దించారు. వేడెక్కితే సున్నం కింది నుంచి పేడ కంపు. ఆ తర్వాత పది శాశ్వత క్యాంపులు: ఎడారుల్లో, ఎత్తైన బీళ్ళలో, ఆర్కన్సా చిత్తడిలో. పోస్టన్ క్యాంపు కట్టింది ఆదివాసుల రిజర్వేషన్ భూమిలో, వాళ్ళ మండలి వద్దంటున్నా వినకుండా.

బారకాసు అంటే ఇంచుమించు 20 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు ఉన్న చెక్క షెడ్డు, పైన తారు కాగితం. దాన్ని నాలుగో ఆరో గదులుగా విడదీశారు. గదికి ఒక బల్బు, ఒక పొయ్యి, సైన్యపు మడతమంచాలు. పచ్చి చెక్కతో హడావుడిగా కట్టడంతో, ఎండలకి చెక్క కుంచించుకుపోయి నేల పలకల మధ్య సందులు పడ్డాయి. గాలి లేచినప్పుడల్లా ఇసుక కిందనుంచి పైకి లేచేది. గదుల మధ్య గోడలు కప్పుదాకా ఉండవు, పక్కింటి గుసగుస కూడా వినపడుతుంది. మరుగుదొడ్లు ఉమ్మడివి, మధ్యలో అడ్డాలు లేకుండా. భోజనశాలలో పిల్లలు ఈడువాళ్ళతో కూర్చుని తినడం మరిగారు. ఒక పంక్తిలో కూర్చుని తినే కుటుంబం ఆ రెండు మూడేళ్ళలో చెదిరిపోయింది.

పనికి నెల జీతం మూడు తరగతులు: 12, 16, 19 డాలర్లు. డాక్టరైనా 19కి మించదు. అదే 1942 శరదృతువులో పశ్చిమ రాష్ట్రాల్లో షుగర్ బీట్ పంట తీసేవాళ్ళు దొరక్క రైతులు గగ్గోలు పెడితే, ఇదే క్యాంపుల నుంచి వేలమందిని పొలాలకు పంపారు. కంచె వెనక ఉంచాల్సినంత ప్రమాదకరమైన మనుషులు పంట కోతల వేళకు ప్రమాదం కాకుండా పోయారన్నమాట.

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ చెరుపు చేసింది కంచె కాదు, 1943 ఫిబ్రవరిలో పంచిన ప్రశ్నపత్రం. సైన్యంలోకి కుర్రాళ్ళను తీసుకోవడానికీ, నమ్మకస్తులను ఏరి బయటికి పంపడానికీ ఒకే దెబ్బకి అని తయారు చేశారు. 27వ ప్రశ్న: ఎక్కడికి పంపితే అక్కడ యుద్ధం చేస్తావా? ఆడవాళ్ళ ఫారంలో ఇదే ప్రశ్న సైనిక నర్సుగా చేరతావా అని మారింది. 28వ ప్రశ్న: అమెరికాకు బేషరతుగా విధేయుడినంటావా, జపాన్ చక్రవర్తి మీద విధేయతను వదులుకుంటావా?

జపాన్ నుంచి వచ్చిన మొదటి తరాన్ని ఇస్సెయ్ అంటారు. వాళ్ళకు అమెరికా పౌరసత్వం చట్టరీత్యా నిషిద్ధం. 1922లో ఒజావా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. మరుసటి ఏడాది భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకూ అదే చెప్పింది, 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఈ క్యాంపులు నడుస్తున్న ఏళ్ళలో లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తున్న మన ఎల్లాప్రగడ సుబ్బారావు కూడా ఆ చట్టం లెక్కలో పౌరుడు కావడానికి అర్హత లేనివాడే. అలాంటి ఇస్సెయ్ 28కి అవునంటే, ఉన్న ఒక్క పౌరసత్వమూ వదులుకుని ఏ దేశానికీ చెందని మనిషి అవుతాడు. కాదంటే ద్రోహి. ఇక్కడే పుట్టిన కొడుకుదింకో ఇబ్బంది: వదులుకుంటాననడమంటే ఇన్నాళ్ళూ ఆ విధేయత ఉందని ఒప్పుకున్నట్టే. పైగా ఇస్సెయ్‌కూ ఆడవాళ్ళకూ ఇచ్చిన ఫారం నెత్తిన "క్యాంపు వదలడానికి అనుమతి కోసం దరఖాస్తు" అని అచ్చయి ఉంది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ముసలివాళ్ళు, సంతకం పెడితే బయటికి గెంటేస్తారని హడలిపోయారు. ఇస్సెయ్ కోసం ప్రశ్న మార్చారు గానీ, అప్పటికే చాలా చోట్ల గొడవ ముదిరిపోయింది.

నాన్న కాదని రాస్తే, విడిపోకూడదని కొడుకూ కాదని రాసిన ఇళ్ళున్నాయి. వాటన్నిటినీ ద్రోహం కింద లెక్కేసి, పది క్యాంపుల్లో ఒకటైన టూల్ లేక్‌ను ప్రత్యేక క్యాంపుగా మార్చి అక్కడికి తోలారు. 1944లో యుద్ధకాలంలోనే పౌరసత్వం వదులుకునే వీలు కల్పిస్తూ ఒక చట్టం తెచ్చారు. ఒత్తిళ్ళలో, వదంతుల్లో 5,589 మంది వదులుకున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి దాన్ని తిరిగి ఇప్పించడానికి వేన్ కాలిన్స్ అనే లాయరు 1968 దాకా కోర్టుల చుట్టూ తిరిగాడు. మరోపక్క అదే క్యాంపుల నుంచి కుర్రాళ్ళు జపాన్ సంతతి సైనికుల 442వ రెజిమెంట్‌లో చేరి ఇటలీలో, ఫ్రాన్స్‌లో చచ్చిపోతున్నారు. హార్ట్ మౌంటెన్ క్యాంపులో 63 మంది, ముందు మా హక్కులు మాకివ్వండి, అప్పుడు సైన్యంలోకి వస్తామన్నారు. జైలుకు పోయారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ క్షమాభిక్ష పెట్టాడు. వీరులెవరు, పిరికివాళ్ళెవరు అని ఆ సమాజంలో దశాబ్దాల పాటు మాటల్లేకుండా పోయిన స్నేహాలున్నాయి. ప్రశ్నపత్రం చేసిన పని అది.

కోర్టులు ఏం చేశాయి? ఖాళీ చేయమన్న ఉత్తర్వును ధిక్కరించి శిక్ష పడ్డ ఫ్రెడ్ కొరెమాట్సు కేసులో 1944 డిసెంబర్ 18న ఆరుగురు జడ్జీలు ప్రభుత్వానికి, ముగ్గురు వ్యతిరేకంగా. అదే రోజు మిత్సుయె ఎండో కేసులో మాత్రం, విధేయురాలని ప్రభుత్వమే ఒప్పుకున్న పౌరురాలిని పట్టి ఉంచే హక్కు లేదని ఏకగ్రీవంగా తేల్చారు. కేసు వదిలేస్తే బయటికి పంపుతామని ఎండోకు ఆశ చూపారు. ఒప్పుకోకుండా తీర్పు వచ్చేదాకా క్యాంపులోనే ఉంది. కొరెమాట్సు పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, క్యాంపుల తలుపులు తెరిపించిన ఎండో పేరు చాలామందికి తెలియదు.

కొరెమాట్సు తీర్పు వెనక ఒక తగలబెట్టిన పుస్తకం ఉంది. డివిట్ 1943లో అచ్చేయించిన నివేదిక మొదటి ప్రతిలో, మంచివాళ్ళనూ చెడ్డవాళ్ళనూ వేరుచేయడానికి టైము చాలకపోవడం కారణం కాదు, ఆ జాతిలో అలా వేరుచేయడమే అసాధ్యం అని ఉంది. కోర్టులో ఇది చెల్లదని యుద్ధ శాఖకు తెలుసు. మార్పించింది, టైము లేదన్న మాట చేర్చింది, పాత ప్రతులు కాల్పించింది. తీరం నుంచి శత్రు నౌకలకు రేడియో సంకేతాలు వెళ్ళాయన్న ఆరోపణ అబద్ధమని ఎఫ్‌బీఐ, రేడియో ప్రసారాలను కనిపెట్టుకునే ప్రభుత్వ కమ్యూనికేషన్స్ కమిషన్ రెండూ చెప్పాయి. ఆ సంగతి కోర్టుకు తెలపాలని న్యాయ శాఖలో ఇద్దరు లాయర్లు రాసిన ఫుట్‌నోట్‌ను పై వాళ్ళు నీరుగార్చారు. పదిహేడేళ్ళ వయసులో క్యాంపుకు వెళ్ళిన ఐకో హెర్జిగ్-యోషినాగ 1980ల మొదట్లో నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతుకుతుంటే, కాలకుండా మిగిలిన ఒక్క ప్రతి దొరికింది. ఇలా దాచిపెట్టిన కాగితాలు బయటపడటంతోనే 1983లో కొరెమాట్సు శిక్ష రద్దయింది. భయంలో తప్పు చేసినవాడు నివేదికలు తిరగరాసి పాతవి కాల్చడు.

డబ్బు సంగతికొస్తే, 1948లో నష్టపరిహార చట్టం వచ్చింది. అడిగింది 26,568 అర్జీల్లో 14.8 కోట్ల డాలర్లు, ఇచ్చింది సుమారు 3.7 కోట్లు. పోయిన వస్తువులకు రుజువులు చూపమన్నారు. చేత్తో మోయగలిగిందే తెచ్చుకోమని చెప్పి, తర్వాత రసీదులడగడం ఏం న్యాయమో! 1988లో రేగన్ సంతకం పెట్టిన చట్టం బతికున్నవాళ్ళకు తలా 20,000 డాలర్లు, క్షమాపణ లేఖ ఇచ్చింది. 82,219 మందికి అందింది. ఎక్కువ పోగొట్టుకున్న ఇస్సెయ్ అప్పటికి చాలావరకు పోయారు. పెరూ మొదలైన దేశాల నుంచి ఎత్తుకొచ్చి టెక్సస్‌లో పెట్టిన రెండు వేల పైచిలుకు జపనీయులకు ఆ చట్టం వర్తించలేదు, వాళ్ళు అక్రమంగా దేశంలోకి వచ్చారు కాబట్టి అన్నారు. దారిలో పాస్‌పోర్టులు లాక్కున్నది అమెరికా అధికారులే.

ఇదంతా అక్కడెక్కడో జరిగిందనుకునే వీలు మనకు లేదు. అదే యుద్ధంలో సింగపూర్, మలయాల్లో దొరికిన జపాన్ పౌరులను బ్రిటిష్‌వాళ్ళు ఓడల్లో తెచ్చి ఢిల్లీ పురానా ఖిలాలో గుడారాల్లో ఉంచారు, తర్వాత రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపుకు మార్చారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే, 1962లో చైనాతో యుద్ధం రాగానే, స్వతంత్ర భారత ప్రభుత్వం అదే దేవలీని మళ్ళీ తెరిచింది. అస్సాంలోని మాకుం నుంచి, షిల్లాంగ్ నుంచి, డార్జిలింగ్ నుంచి దాదాపు 3,000 మంది చైనా సంతతి వాళ్ళను రైళ్ళలో అక్కడికి తరలించింది. చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు, ఇళ్ళలో హిందీ, అస్సామీ, నేపాలీ మాట్లాడేవాళ్ళు. విచారణ లేదు. చివరివాళ్ళు బయటికొచ్చింది 1967లో. తిరిగొచ్చేసరికి కొందరి ఇళ్ళూ దుకాణాలూ శత్రువుల ఆస్తిగా వేలంలో పోయాయి.

కమిషన్ వేయలేదు, క్షమాపణ లేదు, పరిహారం లేదు. బయటపడ్డవాళ్ళలో చాలామంది కెనడా చేరారు. టొరంటోలో సంఘం పెట్టుకుని భారత ప్రభుత్వాన్ని వాళ్ళు అడుగుతున్నది డబ్బు కూడా కాదు, తప్పు జరిగిందని ఒక్క ఉత్తరం, దేవలీలో ఒక శిలాఫలకం.